తలకాయే శివారు

కంటి డాక్టరమ్మ నా కళ్ళలో చుక్కలు వేయించి, అరగంట సేపు లోకాన్నంతా పల్చటి మజ్జిగలా చేసి చూపించి, ఆ తర్వాత కంటి లోపలి ఫొటో తీసి తెర మీద పెట్టింది. నారింజ రంగు నేల. దాని మీద ఎర్రగా ఒక లావుపాటి గీత, దాన్నుంచి చీలిన సన్న గీతలు, వాటి చివర వెంట్రుకల్లాంటి పిల్ల గీతలు.

“ఇది మా డెల్టా మ్యాపండీ,” అన్నాను. “ఇదుగో, ఇది కొమ్మమూరు కాలువ. ఇటు బాపట్ల పోయిద్ది. ఈ మూల రేపల్లె.”

డాక్టరమ్మ నవ్వలేదు. “ఇవి మీ రక్తనాళాలండి. ఇక్కడ చిన్న చిన్న ఎర్ర చుక్కలున్నాయి చూడండి. షుగరు వల్ల నాళం గోడ పాడై, బలహీనపడి, అక్కడక్కడా కారుతోంది. మెదడులో నాళాలు మనకి బయటికి కనపడవు. కంట్లోవి వాటికి చెల్లెళ్ళ లాంటివి. చెల్లెలిక్కడ నీరసపడిందంటే అక్కక్కడ ఎట్లా ఉందో చూసుకోవాలి.”

“బుంగలు పడ్డయ్యన్నమాట,” అన్నాను.

“ఏంటండి?”

“గట్టుకి పీతలు బొరియలు పెడితే, అందులోంచి నీళ్ళు ఊరతయ్యండి. దాన్ని బుంగంటారు. చూస్తూ కూర్చుంటే గండి పడిద్ది.”

ఆవిడ మొదటిసారి నా మొహం వంక చూసింది. “సరిగ్గా అదేనండి. ఎవరు చెప్పారు మీకు?”

ఎవరు చెప్పారో చెప్పడం మొదలుపెడితే వరండాలో కూర్చున్న పేషెంట్లందరూ ఇంటికెళ్ళి భోజనాలు చేసి రావలసి వచ్చేది. అందుకని అక్కడ చెప్పలేదు.

ఆయన కాలువల మీద లస్కరు. అంటే తూముల తలుపులు ఎత్తీ దించీ, కాలువ గట్ల మీద పొద్దస్తమానం తిరిగి, గట్టు ఎక్కడైనా నీరసపడితే కనిపెట్టే మనిషి. ఊరు భట్టిప్రోలు. ఆయనకు ఒక పేరు ఉండే ఉంటుంది. లేకపోతే జీతం ఎవరికిచ్చినట్టు? కానీ తెనాలి నుంచి రేపల్లె దాకా రైతులకూ, ఆటోవాళ్ళకూ, చర్చిలో పాస్టరుగారికీ, నాకూ ఆయన లస్కరు మావయ్యే. తెనాలిలో నాది మోటార్లు చుట్టే షాపు. కాలిపోయిన పంపుసెట్ల మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టిస్తాను. కాలువలో నీళ్ళు తగ్గితే రైతులు మోటార్లు పెట్టేవాళ్ళు, మోటార్లు కాలితే నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. వాళ్ళను తిట్టడానికి మావయ్య వాళ్ళ వెనకే వచ్చేవాడు. అలా కలిసింది మాకు.

ఆయన తిట్ల గురించి ముందు చెప్పాలి. బూతు ఒక్కటి ఉండేది కాదు, అయినా తిట్టించుకున్నవాడు వారం రోజులు ఆ వీధిలో తిరిగేవాడు కాదు. “నీ పెళ్ళికి వానొచ్చి, నీ పంటకి రాకుండా పోను!” “నీ నట్టింట్లో గుర్రపుడెక్క పూలు పుయ్య!” “నీ బావమరిది నీ ఎగువ పొలం కౌలుకి చెయ్య!” ఒకసారి నందివెలుగు దగ్గర ఎవరో గట్టుకు కన్నం పెట్టి దొంగతనంగా పైపు వేశారు. ఈయన గట్టు మీద నిలబడి తిట్టడం మొదలుపెడితే ఆ పైపు సిగ్గుపడి తనంతట తానే బయటికి వచ్చేసింది. కాలువలో కొర్రమీనులు తలలు పైకెత్తి “మమ్మల్నేనా?” అని అడిగాయి. ఆ పైపును నేను నా కళ్ళతో చూశాను. చేపల సంగతి ఆయన చెప్పిందే.

ఉద్యోగం అయిపోయాక కూడా చేతిలో వెదురు కర్ర వదల్లేదు. దాని చివర ఇనప పొన్ను. ఆ కర్రతో గట్టును పొడిచి చూసి, లోపల బోలుగా ఉందో గట్టిగా ఉందో చెప్పేవాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? నా షాపు ముందు బల్ల మీద కూర్చునే ముందు బల్లను పొడిచేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ నా పొట్టను పొడిచేవాడు. “బోలు,” అనేవాడు. ఆ తర్వాత చెవి. గట్టుకు చెవి ఆనించి లోపల నీళ్ళు ఎక్కడ గుటకలు వేస్తున్నాయో వినేవాడట. ఇంట్లో మధ్యాహ్నం పడుకున్నప్పుడు దిండుకు చెవి గట్టిగా ఆనించుకుంటే టుక్కు టుక్కుమని సొంత నెత్తురు చప్పుడు వినపడుతుంది కదా, అదీ వినేవాడు. మా అత్తయ్య అనేది: “పక్కన పెళ్ళాం ముప్ఫై ఏళ్ళుగా అరుస్తుంటే వినపళ్ళేదు గానీ, దిండులో కాలువ వినపడిద్దంట.”

ఆయనకు షుగరు వచ్చి చాలా కాలమైంది. తెనాలిలో షుగరు వచ్చిందని ఎవరూ బాధపడరు. వచ్చినవాణ్ణి మనవాడయ్యాడన్నట్టు చూస్తారు. అరకప్పు టీ, పంచదార లేకుండా, పక్కన రెండు బెల్లం జిలేబీలు. “బెల్లానికి షుగర్ రాదంట కదండీ?” అని అడిగినవాణ్ణి మావయ్య ఒకసారి చెరువు గట్టు దాకా తిడుతూ సాగనంపాడు. అందరికీ షుగరంటే తీపి. ఆయనకు షుగరంటే పీత.

“పీత ఏం చేసిద్ది అల్లుడూ? గట్టు మీద నుంచుని నాట్యం చెయ్యదు. లోపలికెళ్ళి తొలిచిద్ది. పైన గడ్డి పచ్చగా ఉంటది, గేదెలు మేస్తుంటయ్యి, మనం చూసి ఆహా ఎంత మంచి గట్టు అనుకుంటాం. అట్టాంటి గట్టు మీదికి పైనుంచి ఒక్కసారి నీళ్ళు ఎక్కువ వదిలారనుకో?”

“గండి పడిద్ది.”

“అదీ బీపీ అంటే. పీతలున్న గట్టుకి వరద పనికిరాదు. మరి కొవ్వు? అది పూడిక. పూడిక పడితే శివారుకి నీళ్ళు ఎక్కవు. పక్షవాతం అంటే ఇంకేంటి? ఐతే పూడిక, లేకపోతే గండి. మూడోది లేదు.”

శివారంటే కాలువ చివరి భూములు. మా వైపు ఈ మాట విననివాడు లేడు. కాలువ మొదట్లో పొలం ఉన్నవాడు కాలు మీద కాలేసుకుని సాగు చేస్తాడు. శివారువాడు ఆకాశాన్నీ లస్కరునీ చూస్తూ బతుకుతాడు. మనిషి ఒంట్లో కూడా అంతేనని ఆయన లెక్క. “గుండెకాయ హెడ్డు, కాలవ మొదలు. అక్కడ నీళ్ళకి కరువుండదు. కాళ్ళు దిగువ శివారు. తలకాయుందే, అది ఎగువ శివారు. నీళ్ళు ఎత్తు మీదికి ఎక్కాలి. ఒళ్ళు మొత్తంలో తలకాయంత దిక్కులేని శివారు ఇంకోటి లేదు. నీ సంగతి వేరే అనుకో, నీ తలకాయలో సాగే లేదు.”

ఈ శాస్త్రమంతా సరదాకు పుట్టింది కాదు. వాళ్ళ అన్న దగ్గర పుట్టింది.

అన్నగారు చర్చిలో వాక్యం చెప్పే మనిషి. ఆదివారం ఆయన మొదలుపెడితే ఆడవాళ్ళు పొయ్యి మీద పెట్టి వచ్చిన కోడికూరలు మాడి, ఆ వాసన చర్చి దాకా వస్తే తప్ప ఆపేవాడు కాదట. షుగరు ఉండేది, నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదనేవాడు. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాడు. బతికాడు. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. పోగా పోగా ఒక్క మాట మిగిలింది: గేదె.

వాళ్ళ ఇంట్లో గేదె లేదు. ఎన్నడూ లేదు. మరి అదే ఎందుకు మిగిలిందో ఎవరికీ తెలియదు. అన్నం కావాలంటే గేదె. చాలంటే గేదె. కూతుర్ని పిలవాలంటే గేదె. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే చివర అందరూ ఆమేన్ అన్నారు, ఆయన కళ్ళు మూసుకుని ఎంతో భక్తిగా గేదె అన్నాడు. పిల్లలు నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తారు. మావయ్య కూడా నవ్వాడట. నవ్వుతూ అన్న మొహం వంక చూశాడట. అన్న కళ్ళలోంచి ధారగా నీళ్ళు.

“మాటలన్నీ లోపలే ఉన్నయ్యి అల్లుడూ,” అని నాతో అన్నాడు. ఆ ఒక్కసారే ఆయన గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాను. “పురి నిండా ధాన్యం ఉంది, తలుపు రావట్లా. నాలుగేళ్ళు అట్టా బతికాడు. నాకు కాలు పోతే పోనీ, కన్ను పోతే పోనీ. నోరు మాత్రం పోకూడదు. నేను నోటితో పుట్టా, నోటితోనే పోవాలి.”

అప్పటి నుంచి ఎగువ శివారుకు కాపలా మొదలైంది. చుట్టలు మానేశాడు. ఉన్న కట్టంతా కాలువలో పారేస్తే భట్టిప్రోలు నుంచి పల్లికోన దాకా చేపలు దగ్గాయి. ఆవకాయ జాడీ అత్తయ్య అటక మీద పెట్టింది, నిచ్చెన అమ్మేసింది. అన్నం ఒక గరిటె, కూర మూడు గరిటెలు. “ఇది కూరలో అన్నమా, అన్నంలో కూరా?” అని రోజూ అడిగేవాడు, ఆవిడ రోజూ “మీ నోట్లో పడేదాకా ఏదైతేనేం” అనేది. తెనాలి వచ్చినప్పుడు జిలేబీ కొట్టుకు ఎదురుగా నిలబడి ఊపిరి గట్టిగా లోపలికి పీల్చి, ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని, కర్ర నేలకు కొట్టి వచ్చేసేవాడు. వాసనకు షుగరు రాదని ఎవరో అభయమిచ్చారు. ఒకరోజు మరీ ఎక్కువ పీల్చాడట, పరీక్షలో నలభై పెరిగిందని ఆయనే చెప్పాడు.

పొద్దున కాలువ గట్టు మీద నడిచే తెనాలి పెద్దమనుషులకు ఆయన భయం పట్టుకుంది. ఎదురుపడితే నమస్కారం లేదు.

“షుగరెంత?”

“నూట అరవై అండి.”

“బీపీ?”

“నాకు బీపీ లేదండి. షుగర్ ఒక్కటే.”

“చూపించుకున్నావా, లేదనుకున్నావా?”

“చూపించుకోలేదండి. కోపం రాదు నాకు, బీపీ ఎందుకొచ్చిద్ది?”

“పీతలున్నయ్యి, వరద సంగతి తెలియదంటావు. చదువుకున్నోడివి కదయ్యా, నీ చదువు శివారు దాకా ఎక్కలేదా?”

నా సంగతి కూడా పట్టేశాడు. నాకు షుగరు తేలినప్పుడు ఆయనకు చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది. “బోర్డరే మావయ్యా,” అన్నాను. కర్రతో పొట్ట పొడిచాడు. “బోర్డరంటే ఏంటిరా? గట్టు అంచు మీద నుంచున్నా, ఇంకా కాలవలో పళ్ళేదు అనా? గట్టు మీదుంటే లోపలికి దిగరా, నీ మోటార్లన్నిట్లో ఉడతలు కాపరం పెట్ట!”

ఇంత జాగ్రత్త మనిషి ఒక తప్పు చేశాడు. ఆ తప్పు లోకంలో లస్కరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు.

మా కాలువలు ఏడాది పొడుగునా పారవు. కోతలయ్యాక, వేసవిలో, పై నుంచి నీళ్ళు ఆపేస్తారు. కాలువ కట్టేశారు అంటాం. ఆ రెండు నెలలు కాలువ ఎండుతుంది. అప్పుడు పూడిక తీస్తారు, గట్లు బాగు చేస్తారు, తలుపులకు గ్రీజు పెడతారు. లస్కరుకు తెలిసిన ఒకే ఒక్క ఆరోగ్య సూత్రం అది: ఎంత మంచి కాలువకైనా ఏటా రెండు నెలలు సెలవుండాలి. అందుకని ఆయన కూడా ఏప్రిల్‌లో కాలువ కట్టగానే మాత్రలు కట్టేసేవాడు. షుగరు మాత్ర, బీపీ మాత్ర, కొవ్వు మాత్ర, మూడూ. జూన్‌లో కాలువ వదలగానే మళ్ళీ మొదలు. అత్తయ్యకు మాత్రం “వేసంకాలం మందులుండవు, డాక్టరే చెప్పాడు” అని చెప్పాడు. ఆవిడ నమ్మింది. బడికి సెలవులు, కాలువకు సెలవులు, మందులకు ఎందుకుండవు?

అలా ఎన్ని వేసవులు గడిచాయో నాకు తెలియదు. మే నెల మధ్యలో ఒక మధ్యాహ్నం ఆయన తెల్లచొక్కా, ఇస్త్రీ పంచెతో నా షాపుకొచ్చాడు. బాపట్లలో అత్తయ్య అక్కకొడుకు పెళ్ళి. కొత్త దంపతులకు శుభం పలికే మాటలు నాలుగు ఈయనే చెప్పాలి. వాళ్ళ వైపు పెళ్ళిళ్ళలో పాస్టరుగారి ప్రసంగానికి నిద్రపోయినవాళ్ళు కూడా మావయ్య మాటలకు లేచి కూర్చుంటారు. అత్తయ్య భట్టిప్రోలు నుంచి బంధువుల కారులో ముందే బయల్దేరింది. ఈయన బస్సెక్కడానికి తెనాలి వచ్చి, టీ తాగిపోదామని ఆగాడు. నందివెలుగు రైతు ఒకాయన తన మోటారు కోసం అప్పటికే కూర్చుని ఉన్నాడు.

మావయ్య కథ మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఎవరో తాగి వచ్చి తూము తలుపు తీయమని గొడవ పెట్టుకున్న కథ. తాగినవాణ్ణి అనుకరించడంలో ఈయన్ని మించినవాడు లేడు. కథ సగంలో మాట ముద్దగా అయింది. “తలు… తమ్ము… తుము…” అన్నాడు. నోరు ఒక పక్కకు జారింది. నందివెలుగు ఆయన పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. “అద్దీ! తాగుబోతంటే అదీ!” అన్నాను. మావయ్య చేతిలో టీ కప్పు జారి మోటారు మీద పడింది. “ఆ, అచ్చం అట్టాగే!” అని చప్పట్లు కొట్టాను. మేమిద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఎంతసేపో చెప్పలేను. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

అప్పుడు ఆయన కళ్ళు చూశాను. ఆయన నవ్వడం లేదు. కుడి చెయ్యి తొడ మీద చచ్చిన పాములా పడి ఉంది. ఎడమ చేత్తో తన నోరు మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి ఏం మాట బయటికొస్తుందోనని చూస్తున్నాడు.

నేను విన్న కథలకు తోకలు తగిలించే మనిషిని, అబద్ధాలు చెప్పి నవ్వించేవాణ్ణి. నిజం ఎదురుగా కూర్చుంటే చప్పట్లు కొట్టాను.

పది నిమిషాల్లో అన్నీ వెనక్కి వచ్చాయి. చెయ్యి లేచింది. నోరు సర్దుకుంది. “గేదె అన్లేదుగా?” అని అడిగాడు. అదే మొదటి మాట.

“అన్లేదు మావయ్యా. ఆసుపత్రికి పోదాం పదండి.”

“ఎందుకూ? వచ్చేసిందిగా.”

“ఎండదెబ్బండి,” అన్నాడు నందివెలుగు ఆయన. “కాస్త మజ్జిగ తాగితే సర్దుకుంటది.”

మావయ్య ఆ మాటను గడ్డిపోచలా పట్టుకున్నాడు. “విన్నావా? ఎండదెబ్బ. ఇంతెండలో బయల్దేరా. పెళ్ళి మాటలు చెప్పాలి నేను, బస్సు పోయిద్ది.” లేచి నిలబడ్డాడు, కర్ర తీసుకున్నాడు.

బతిమాలితే వినే మనిషి కాదు. భయపెడితే తిట్టే మనిషి. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

“ఒక్క మాట చెప్పి పోండి. గట్టుకి బుంగ పడింది. బురద నీళ్ళు బుడబుడా కారినయ్యి. మీరు చూస్తుండగానే దానంతటదే ఆగిపోయింది. ఏం చేస్తారు?”

“మొత్తం ఆగిందా?”

“చుక్క లేదు. గట్టు పొడిగా ఉంది. ఇంటికెళ్ళి పడుకోవచ్చుగా?”

“పడుకుంటావా, నీ మొహం! దానంతటది ఆగితేనే భయంరా. లోపల మట్టి జారి అడ్డం పడ్డదన్నమాట. ఆ మట్టి ఇంకో గంటలో కదిలిద్దో, పొద్దున్నే కదిలిద్దో…”

అక్కడ ఆగిపోయాడు. కుడి చెయ్యి పైకెత్తి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

“ఆటో పిలు,” అన్నాడు.

ఆటోలో నా చెయ్యి పట్టుకుని రేపల్లె రైలు స్టేషన్ల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. మాటలు లోపల ఉన్నాయో లేదో లెక్క చూసుకుంటున్నాడు. “తెనాలి. చినరావూరు. జంపని. వేమూరు.” ఆగాడు. ఆ పేరు నా నాలుక చివర ఉంది, అందించబోయాను. చెయ్యి గట్టిగా నొక్కాడు, వద్దని. ఆటో రెండు మలుపులు తిరిగింది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. “పెనుమర్రు,” అన్నాడు, ఆ ఊరిని అప్పుడే తవ్వి తీసినట్టు. “భట్టిప్రోలు. పల్లికోన. రేపల్లె. సముద్రం.” సముద్రానికి రైలు లేదు. నేను సరిదిద్దలేదు.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, తొందర మనిషి. వివరం విని, షుగరు, బీపీ చూసి, “ముందు హెడ్ స్కాన్ తీయాలి” అన్నాడు. మావయ్య వెంటనే చొక్కా గుండీలు విప్పి గుండె చూపించాడు.

“చొక్కా ఎందుకండి? హెడ్ అన్నాను.”

“హెడ్డు ఇదేగా? మీరు చూడాల్సింది హెడ్డు కాదు బాబూ, ఆ చివర, టెయిలు,” అని నెత్తి మీద కొట్టుకున్నాడు.

డాక్టరు నా వంక చూసి, “మాట తేడాగా ఉందన్నారు, మతి కూడానా?” అని మెల్లగా అడిగాడు. నేను కాలువ శాస్త్రం మొత్తం విప్పి చెప్పేసరికి స్కాను సగం అయింది.

గండి కాదు, పూడిక. అదీ చిన్నది, క్షణం అడ్డం పడి కరిగిపోయింది. “ఇది వార్నింగండి,” అన్నాడు డాక్టరు. “చాలామంది బాగైపోయిందని ఇంటికెళ్ళి పడుకుంటారు. రెండోసారి వచ్చినప్పుడు మోసుకొస్తారు. మందులు సరిగ్గా వాడుతున్నారా?”

“వాడుతున్నా,” అన్నాడు మావయ్య, ఒక్క అక్షరం తొణక్కుండా.

అప్పుడే అత్తయ్య వచ్చింది. నా ఫోను అందేసరికి వాళ్ళ కారు పొన్నూరు కూడా దాటలేదట. అక్కడికక్కడే వెనక్కి తిప్పించుకుని వచ్చింది. పట్టుచీర, జడలో పూలు. “వేసంకాలం మందులుండవని చెప్పారంట కదండీ డాక్టరుగారూ?” అంది. “మరి ఎందుకొచ్చిందండీ ఇట్టా?”

“ఎవరు చెప్పారమ్మా?”

“మీరే చెప్పారంట.”

గదిలో అందరం మావయ్య వైపు తిరిగాం. ఆయన గోడ మీద బల్లి వైపు తిరిగాడు. ఆ తర్వాత తప్పక చెప్పాడు: కాలువ, కట్టెయ్యడం, పూడిక, గ్రీజు, అన్నీ. డాక్టరుగారి చదువులో ఈ పాఠం లేదు.

అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళింది. “కాలవెప్పుడు కడతారు?” అని అడిగింది.

“కోతలయ్యాక.”

“పైరు చేలో ఉండగా కడతారా?”

“ఎట్టా కడతారే? ఎండిపోదూ?”

“మీ తలకాయలో కోతలయినయ్యా?”

మావయ్య నోరు తెరిచాడు. మూశాడు. ఆయనకు తిరుగు మాట దొరకని సందర్భం నేను చూసింది అదొక్కటే. మళ్ళీ మాట పోయిందేమోనని డాక్టరు టార్చి వేసి కళ్ళలో చూశాడు.

“ఆ పైరు పన్నెండు నెలలూ ఉంటదండి,” అంది అత్తయ్య. “ఇంక కట్టెయ్యడం లేదు. కట్టారంటే ముందు నేను మీ నోరు కట్టేస్తా.”

పెళ్ళికి వెళ్ళలేకపోయాడు. సాయంత్రం బాపట్ల నుంచి ఫోను చేయించి, మండపంలో మైకు ముందు పెట్టించి, ఆసుపత్రి మంచం మీద నుంచే శుభం పలికాడు. మొదటి ఐదు నిమిషాలు దంపతులకు. తర్వాత పావుగంట బీపీ చూపించుకోని పెళ్ళివారికి. నర్సు వచ్చి ఫోను లాక్కుంటే ఆమె పెళ్ళికి కూడా ముందే శుభం పలికేశాడు.

ఆ తర్వాత నాలుగు వేసవులు బతికాడు. ఏప్రిల్‌లో కాలువ కట్టిన రోజున తెనాలి వచ్చి, నా షాపులో కూర్చుని, నీళ్ళు అడిగి, మూడు మాత్రలూ నా ఎదుట వేసుకునేవాడు. “వాళ్ళు కట్టారు. నేను కట్టలా,” అనేవాడు. ఆ నాలుగేళ్ళలో ఆయన చేత తిట్లు తిని బీపీ చూపించుకున్నవాళ్ళు మా వీధిలోనే ఆరుగురు. ఏడోవాణ్ణి నేను. నేను కంటి డాక్టరమ్మ దగ్గరికి మాత్రం ఆయన ఉండగా వెళ్ళలేదు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఆయన్ని అబద్ధాలతో తిప్పాను. అందులో నాకున్న నేర్పు మీకీపాటికి తెలిసే ఉంటుంది.

చివరికి పాడైంది గుండె. డెబ్భై ఎనిమిదేళ్ళు ఎత్తీ దించీ ఆ తలుపు అరిగిపోయింది. ఊపిరి అందేది కాదు, కాళ్ళు వాచేవి. నేను చూడటానికి వెళ్ళినప్పుడు దిండ్ల మీద కూర్చోబెట్టి ఉంచారు. “శివారుకి కాపలా కాస్తూ హెడ్డుని మర్చిపోయా అల్లుడూ,” అని నవ్వాడు. రేపల్లె నుంచి వచ్చిన డాక్టరు మతి చూద్దామని ఇవాళ ఏ వారం అని అడిగితే, “నువ్వు ఫీజు తీసుకునే వారం,” అన్నాడు. మూడు మాటలు చెప్పి కాసేపయ్యాక అడుగుతానన్నాడు డాక్టరు: పడవ, గొడుగు, చింతకాయ. కాసేపయ్యాక మావయ్య ఆ మూడూ కలిపి ఒక కథ చెప్పాడు. పడవలో గొడుగేసుకుని చింతకాయ తింటూ పోయే పెళ్ళికొడుకు కథ. ఊపిరి అందక మూడుచోట్ల ఆగాడు. మాట కోసం ఒక్కచోట కూడా ఆగలేదు. డాక్టరు ఇంకో పేషెంటు దగ్గరికి పోవడం మర్చిపోయి కథ చివరిదాకా కూర్చున్నాడు.

ఆయన పోయినప్పుడు నేను ఊళ్ళో లేను. సమాధి అయిన మూడో రోజు భట్టిప్రోలు వెళ్ళాను. అత్తయ్య వాకిట్లో చాప వేసుకుని కూర్చుని ఉంది. నాకూ కుర్చీ వేయించింది. నేను అడగదలుచుకున్నది ఒక్కటే. ఎలా అడగాలో తెలియక, భోజనం చేశావా, నిద్ర పట్టిందా అని అడ్డదిడ్డంగా అడిగాను. ఆవిడ నాకంటే తెలివైనది.

“నోరు పోలేదయ్యా,” అంది.

నేను కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.

“తెల్లారి ఆరింటికి లేపి కూర్చోబెట్టా. కాఫీ ఇచ్చా. పంచదార లేదని నన్ను తిట్టారు. ఇరవై ఏళ్ళుగా లేదు, ఆ రోజు గుర్తొచ్చింది. కొత్త తిట్టు, ఎప్పుడూ విన్లేదు నేను. అది తిట్టి, నేను నవ్వుతున్నానో లేదో చూసి, అట్టా వెనక్కి ఆనుకున్నారు. అంతే.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. భుజాలు రెండింటికీ ఒకేలా కదులుతాయి. “ఒక్క పొల్లు పోలేదయ్యా. దీర్ఘాలతో సహా పలికారు.”

“ఏమని తిట్టాడు అత్తయ్యా?”

ఆవిడ కళ్ళు తుడుచుకుని నా వంక అనుమానంగా చూసింది. నేను ఏ మాట విన్నా తెనాలి చేరేసరికి దానికి తోకలు తగిలిస్తానని ఆవిడకు తెలుసు.

“చెప్పను,” అంది. “అది నన్ను తిట్టింది. నీకెందుకు?”